హనుమంతరాయుడు గారు, ముత్యం మార్కు ఒలుపు యంత్రం

1951వ సంవత్సరం జూన్ నెల నాలుగవ తేదీ సోమవారం ఉదయం శ్రీ హనుమంతరాయుడు గారు హిందూపురంలోని మన జయమంగళి వ్యవసాయ పనిముట్ల కంపెనీలో ఫిట్టరుగా చేరారు. ధర్మవరం రైల్వే షెడ్డులో చాలా ఏళ్లు ఇంజన్లు బాగు చేసిన మనిషి. అక్కడి స్థిరమైన ఉద్యోగం వదులుకుని, అప్పటికి నాగళ్లు, బావి గిలకలు తప్ప మరొకటి తయారు చేయని ఈ చిన్న కంపెనీకి ఎందుకు వచ్చారని అందరూ అడిగారు. ఆయన ఒక యంత్రం కోసం వచ్చారు. ఆ యంత్రం తయారైంది గాని అంగడికి చేరలేదు. ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న పెద్దమనిషిని అభినందిస్తూ రాయవలసిన చోట, నెరవేరని పని ముందుగా ఎత్తుకోవడం మర్యాదేనా అని భయం వేసింది. అయినా దానిని దాటవేస్తే ఆయన చరిత్రలో మిగిలేది జీతమూ, హాజరూ మాత్రమే.

హనుమంతరాయుడు గారిది పెనుకొండ. కొండ కింద వాన మీద ఆధారపడిన చేను, అందులో వేరుశెనగ. తల్లి బాలమ్మ గారు తమ కాయలు ఒలవడమే కాక, ఇతరుల ఇళ్లకు కూలికి కూడా ఒలుపుకు వెళ్లేవారు. బొటనవేలితో కాయ నొక్కి నొక్కి ఆమె వేలికొసలు పగిలి ఉండేవి. ఒలుపుల కాలమంతా ఆమె సంగటిలోకి మజ్జిగే పోసుకునేవారు. కారం తగిలితే పగుళ్లు మండుతాయని, వేరుశెనగ గింజలు మిరపకాయలతో నూరి చేసే ఊరిబిండి ముట్టేవారు కారు. తాను ఎర్రగా కలుపుకుని తింటుంటే తల్లి తెల్లటి సంగటి మింగడం ఆయన చిన్ననాటి నుంచి చూశారు. ఆమె పోయిన తర్వాత రైలింజన్ల మధ్య నిలబడినా ఆ కంచమే కళ్ల ముందు మెదిలేదని చెప్పేవారు.

కంపెనీ యజమాని శ్రీ ఈరప్ప గారికి మొదటి వారంలోనే ఆయన తన ఆలోచన వినిపించారు.

"ఏమప్పా, రైలింజను బాగు చేసేవానికి శెనక్కాయలతో ఏం పని?" అన్నారు ఈరప్ప గారు.

"ఇంజను చెడిపోతే జనం నడిచైనా పోతారు సామీ. ఇత్తనం చెడిపోతే యాడికి పోతారు?"

"ఇనుప మిషన్లు ఉండాయి గదా?"

"ఉండాయి. కాయతో పాటు గింజనూ చీలుస్తాయి. నూనెకు పనికొస్తాది, ఇత్తనానికి పనికిరాదు. అందుకే రైతు ఇప్పటికీ ఆడవాళ్ల చేతనే ఒలిపిస్తాండాడు."

ఈరప్ప గారు, "దుడ్లు నావి, చెయ్యి నీది. ఎవరిది ముందు అయిపోతాదో చూద్దాం" అన్నారు. అలా ఆ పని మొదలయింది.

కొత్త వస్తువు తయారు చేయాలంటే ఎవరైనా ముందుగా కాగితం మీద గీతలు గీస్తారు. హనుమంతరాయుడు గారు ఆ సంవత్సరం గీత గీయలేదు. సెలవు దొరికినప్పుడల్లా బుక్కపట్నం, నల్లమాడ వైపు పల్లెలకు వెళ్లి ఒలుపు జరిగే ఇళ్ల ముందర కూర్చున్నారు. కాయ ఏ వైపు నొక్కితే పగులుతుంది, పొట్టు చెదరకుండా గింజ ఎలా జారుతుంది అని స్త్రీల వేళ్ల వంక చూస్తూ ఉండేవారు. ఎవరీయన, ఏం కావాలి అని అనుమానపడిన వారూ ఉన్నారు. ఒలిచేవారి చేత పాట పాడించే ఇంటి యజమానురాలు ఒకామె, "నోరు ఊరకుంటే గింజలు నోట్లోకే పోతాయప్పా, అందుకే పాడమంటాండా. నువ్వూ ఊరకే కూర్చోక పాడు" అని ఆయనను దబాయించిందట. ఆయన పాడారు. ఆ గొంతు విన్న తర్వాత ఆ ఊళ్లో మళ్లీ ఎవరూ పాడమనలేదని ఆయనే చెప్పి నవ్వేవారు.

తర్వాత కంపెనీ పెరట్లో పరీక్షల షెడ్డు వేశారు. యంత్రం ఒలిచిన గింజను చేతి ఒలుపుతో సరిచూడటానికి కొందరు స్త్రీలను పనిలోకి తీసుకున్నారు. ఈ వ్యాసం రాస్తున్నది వారిలో ఒకరు. ఒకవైపు యంత్రం, మరొకవైపు మా చేతులు. మాలో పెద్దదైన ఉలిగమ్మకు నోరు ఎక్కువ. ఒకనాడు హనుమంతరాయుడు గారు బాధగా, "ఈ మిషను బాగా నడిస్తే మీ పని పోతాదేమో గదమ్మా" అన్నారు.

"ముందు నీ మిషనును రానీ నాయనా," అంది ఉలిగమ్మ. "మేము పోయేది మేము చూసుకుంటాం. నీ మిషను నమిలి పెట్టిన గింజలు చూస్తే మా మనవరాండ్లు కూడా ఈడనే కూలికొచ్చేట్టుండారు."

ఆ మాట నిజమే. రెండు మూడేళ్ల పాటు ఏ నమూనా చేసినా గింజ చీలడమో, పొట్టు లేవడమో జరిగేది. ఒలిచిన గింజలను పగిలిన కుండలలో మట్టి పోసి నాటేవారు. ప్రతి ఉదయం ఆయన కాఫీ తాగక ముందే ఆ కుండల దగ్గరికి వెళ్లేవారు. మొలక రాని కుండ ముందర ఆయన ఎంతసేపు కూర్చున్నదీ చూసినవారికి, మనిషి దేనినైనా ఇంత ఆశించకూడదేమో అనిపించేది.

మార్గం అనుకోకుండా దొరికింది. ఒక మధ్యాహ్నం ఆయన పరాకుగా షెడ్డులోకి వస్తూ నేల మీద పరిచిన కాయలపై కాలు వేశారు. ఆయన వేసుకున్నవి లారీ టైరుతో కోసిన చెప్పులు.

"ఏమప్పా! తిండిగింజ మీద చెప్పుకాలు పెడతావా? కండ్లు యాడ పెట్టుకున్యావు?" అని ఉలిగమ్మ గట్టిగా అరిచింది.

ఆయన ఉలిక్కిపడి చెప్పులు విడిచి, వంగి, కాలి కింద పడిన గింజను తీసి కళ్లకద్దుకోబోయారు. అద్దుకోబోయిన చెయ్యి అక్కడే ఆగింది. కాయ నలిగింది. గింజ మాత్రం పొట్టయినా చెదరకుండా వేళ్ల మధ్య మెరుస్తోంది. ఆ సాయంత్రమే ఆ చెప్పులు ముక్కలయ్యాయి. జల్లెడ మీద అటూ ఇటూ ఊగే ఇనుప దిమ్మెకు టైరు రబ్బరు తొడిగారు. ఆయన చెప్పులు లేకుండా ఇంటికి నడిచి వెళ్లారు. ఆ వారం నాటిన కుండలన్నిటిలోనూ మొలకలు వచ్చాయి. హనుమంతరాయుడు గారు మాకందరికీ హోటలు నుంచి మైసూరుపాకం తెప్పించారు. ఉలిగమ్మకు రెండు ముక్కలు ఇచ్చి, "తిట్టినందుకు ఒకటి" అన్నారు.

వస్తువు తయారు చేయడం సగం పని అనీ, దానిని అంగడిలో నిలబెట్టడం అంతకంటె పెద్ద పని అనీ ఈరప్ప గారు అంటుండేవారు. ముందు పేరు కావాలి. ఆయన తన కుమార్తె పేరు పెడదామన్నారు. "యంత్రం చెడిపోయిన రోజు రైతులు బిడ్డ పేరు పెట్టి తిడతారు సామీ" అని హనుమంతరాయుడు గారు వారించి, ముత్యంలా దిగిన గింజను అరచేతిలో పెట్టి చూపారు. ముత్యం మార్కు అని ఖాయమయింది. కరపత్రాలు అచ్చయ్యాయి. ఇక మిగిలింది అచ్చులు పోయించి పెద్ద ఎత్తున తయారు చేయడం. అది కంపెనీ ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. మండీ వ్యాపారస్తులు ముందుగా ఆర్డర్లు ఇస్తేనే సాధ్యం. కళ్లారా చూడనిదే వారు ఆర్డరు ఇవ్వరు. అందుచేత 1957వ సంవత్సరం మాఘమాసంలో ముదిగుబ్బ దగ్గరి ఒక పల్లెలో, రైతు రంగప్ప గారి ఇంటి ముందర, పరీక్ష ఏర్పాటు చేశారు.

రంగప్ప గారినే ఎన్నుకోవడానికి కారణం ఉంది. బరువు పెరగడానికి కాయల మీద నీళ్లు చల్లి మండీకి తెచ్చే మోసం అప్పుడూ ఉండేది. తడికాయ అన్న పేరు ఒకసారి పడితే ఆ ఇంటి పంట వంక ఏ వ్యాపారీ తిరిగి చూడడు. రంగప్ప గారి కాయ గలగలలాడే పొడికాయ అని హిందూపురం మండీ అంతా ఒప్పుకునేది. ఆ ఇంటికి ఆ పేరే పెద్ద ఆస్తి.

ఆ రోజు రంగప్ప గారి తల్లి కృష్ణమ్మ గారు వాకిట ముగ్గు వేసి, యంత్రానికి పసుపు కుంకుమ పెట్టారు. వచ్చినవారందరికీ సంగటి, చిక్కుడుగింజల పులుసు, ఊరిబిండి వండించారు. వాకిట్లో గోనెపట్ట కింద కాయల కుప్ప సిద్ధంగా ఉంది. వ్యాపారస్తుల తరఫున పెద్ద అయిన నల్లప్ప గారు కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చున్నారు. కుప్ప పైనుంచి తీసిన మొదటి గంప పోయగానే యంత్రం మెత్తగా ఊగింది. గింజలు చెదరకుండా జల్లెడ కిందికి రాలాయి. నల్లప్ప గారు లేచి వచ్చి ఒక గింజను కొరికి, తల ఊపారు. ఈరప్ప గారి ముఖం వెలిగింది. ఇన్నేళ్ల కష్టం గట్టెక్కిందని హనుమంతరాయుడు గారు ఆ ఒక్క నిమిషం నమ్మారు.

రెండవ గంప కుప్ప అడుగు నుంచి వచ్చింది. యంత్రం రెండు ఊపులు ఊగి పట్టేసింది. కాయలు తోలులా సాగుతున్నాయి, పగలడం లేదు. బలవంతంగా ఊపితే గింజలు నలిగి ముద్దయ్యాయి.

"ఏమప్పా హనుమంతరాయుడూ, మీ మిషను గింజలు ఒలస్తాండాదా, ఊరిబిండి నూరతాండాదా?" అన్నారు నల్లప్ప గారు. వాకిలంతా గొల్లున నవ్వింది.

హనుమంతరాయుడు గారు కుప్పలోకి మోచేతి వరకు చెయ్యి పెట్టి చూశారు. లోపల చల్లగా, తడిగా తగిలింది. ఆయన తలెత్తేసరికి పక్కనే కృష్ణమ్మ గారు నిలబడి ఉన్నారు. ఒలుపుకు ముందునాటి సాయంత్రం కాయల మీద నీళ్లు చల్లి గోనె కప్పి ఉంచడం మన వైపు ఆడవాళ్లందరికీ అలవాటు. అలా చేస్తే కాయ మెత్తబడి వేలికి నొప్పి తగ్గుతుంది.

"నిన్న మాపున నేనే నీళ్లు చల్లి కప్పినా నాయనా," అంది ఆమె మెల్లగా, ఎంతో ఆనందంగా. "ఎంత ఇనుమైనా పాపం దానికీ నొప్పి పుడతాది గదా. మా రంగప్పకు కూడా చెప్పలా."

అప్పటికే నల్లప్ప గారు, "కాయ ఎట్లుండాదో చూడాల" అంటూ కుప్ప వైపు వస్తున్నారు. గోనె మీద పడిన ఎండ వేడికి పైనున్న కాయలు ఆరిపోయాయి. చెయ్యి పెడితే మాత్రం తెలిసిపోతుంది. తెలియక చేసిన పని అని ముసలామె చెబితే మండీలో నమ్మేవాడు ఎవడు? కొడుకు తల్లి మీద తోసేశాడంటారు. హనుమంతరాయుడు గారు గోనెపట్ట లాగి కుప్ప మీద కప్పి, దాని మీదనే చతికిలబడ్డారు. పొరపాటున కాలు తగిలితే కళ్లకద్దుకోబోయిన మనిషి, అందరూ చూస్తుండగా గింజల మీద కూర్చున్నారు.

"కాయ బాగుండాది," అన్నారు. "తప్పు నా మిషనుదే."

వ్యాపారస్తులు నవ్వుకుంటూ బస్సుకు బయలుదేరారు. రంగప్ప గారు వారిని సాగనంపడానికి వెళ్లారు. హనుమంతరాయుడు గారు ఆ కుప్పనంతా మూట కట్టించి, యంత్రం సరిచేసి చూడటానికి కావాలని చెప్పి లారీలో వేయించారు. కృష్ణమ్మ గారితో, "నీళ్లు చల్లిన మాట ఎవరితోనూ అనొద్దమ్మా, మిషనుకు దిష్టి తగులుతాది" అన్నారు. ఆమె నమ్మింది. "అనను లే. సంగటి చల్లారిపోతాండాది, లేచి కాళ్లు కడుక్కో" అంది. ఈరప్ప గారు కోపంతో లారీ ఎక్కి కూర్చున్నారు. విస్తర్లు వేసిన ఇంటి నుంచి ఒక్కరూ తినకుండా అందరూ వచ్చేశారు. ఆమె గడప దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయిందట.

దారిలో ఈరప్ప గారు అడిగారు. "నిజం చెప్పు. కాయ తడిసుండాది గదా?"

"తడిసుండాది సామీ."

"ఆడ నోరు మూసుకోని ఈడ చెప్తావా? రేపు నల్లప్పకు చెప్పు, మళ్లీ వస్తాడు. కారణం తెలీకుంటే రాడు. వాళ్లు రాకుంటే నేను అచ్చులు పోయించలేను. చెప్తావా?"

"చెప్పను."

"నీ మిషను అయిపోయినట్లే, తెలుసునా?"

"తెలుసు" అన్నారు హనుమంతరాయుడు గారు.

ఆ మూటను మర్నాడు షెడ్డులో మేమే ఒలిచాము. వేలికి నొప్పి తెలియలేదు. ఉలిగమ్మ కాయ నొక్కి చూసి, తలెత్తి ఆయన వంక చూసింది. అంత నోరున్న మనిషి మళ్లీ తల వంచుకుని ఒలవసాగింది. యంత్రం గోదాములోకి వెళ్లింది. షెడ్డు మూతపడింది. కొందరు ఇదే కంపెనీలో పాకింగు పనికి మారారు. ఉలిగమ్మ కూతురి దగ్గరికి బెంగళూరు వెళ్లిపోయింది. స్టేషనులో హనుమంతరాయుడు గారు ఆమెకు కొత్త చెప్పులు కొనిచ్చారు. ఆ తర్వాత ఆమె కబురు తెలియలేదు.

ఆ పిదప హనుమంతరాయుడు గారు ఫోర్‌మన్ అయ్యారు. విత్తనపు గొర్రు, తూర్పారబట్టే పంఖా, తేలికపాటి గిలక ఆయన చేతుల మీదుగానే తయారై అంగడికి వెళ్లాయి, పేరు తెచ్చాయి. 1961 ప్రాంతంలో బయటి కంపెనీ ఒకటి బ్యాండు మేళంతో తన ఒలుపు యంత్రాన్ని మన ఊరికి తెచ్చింది. దిమ్మెలు ఇనుపవే. అయినా ఎదురు లేదు గనుక రైతులు కొన్నారు. గింజలు చీలుతున్నాయని తిరిగి హనుమంతరాయుడు గారి దగ్గరికే మోసుకొచ్చేవారు. ఆయన విసుక్కోకుండా ఆ దిమ్మెలకు టైరు ముక్కలు తొడిగి పంపేవారు. ఆయన కనిపెట్టిన సంగతి అలా పేరు లేకుండా, మరొకరి యంత్రం కడుపులో దాగి, పల్లె పల్లెకూ వెళ్లింది. అంగడిలో ముత్యం మార్కు అన్న మాట మాత్రం ఎవరూ వినలేదు.

రంగప్ప గారు మండీకి వచ్చినప్పుడల్లా కంపెనీ గేటు దగ్గర ఆగేవారు. "మా యమ్మ అడగమనింది, మళ్లీ ఎప్పుడొస్తావని."

"వస్తాలే రంగప్పా."

"ప్రతిసారీ ఇదే మాట అంటాండావు. మా ఇంటి సంగటి అంత చేదా?"

"పని ఉండాదప్పా, వస్తా."

ఆయన వెళ్లలేదు. ఆమె ఎదుట కూర్చుంటే, మిషను ఎందుకు నడవలేదని ఆమె అడుగుతుంది. తన తల్లిలాంటి మనిషి ముఖం చూస్తూ అబద్ధం చెప్పలేరు, నిజం చెబితే ఆమె తట్టుకోలేదు. వచ్చే ఏడు వెళదాం, వచ్చే ఏడు వెళదాం అనుకుంటూ గడిపేశారు. వెళ్లవలసిన చోటికి వెళ్లడం వాయిదా వేసేవారికి, అవతలివారు కూడా వాయిదా పడతారనే నమ్మకం ఎలా కలుగుతుందో తెలియదు.

కృష్ణమ్మ గారు ఈ సంక్రాంతి వెళ్లిన తర్వాత కాలం చేశారు. కర్మలు ముగించుకుని రంగప్ప గారు పోయిన నెల కంపెనీకి వచ్చారు. ఈసారి గేటు దగ్గర ఆగలేదు. నేరుగా హనుమంతరాయుడు గారి బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"మా యమ్మ పోయే ముందర నన్ను దగ్గరికి పిలిచి ఒక మాట అనిందప్పా. 'ఆ మిషనాయనకు నేను నీళ్లు తక్కువ చల్లినట్లుండా. ఇంకో చెంబు చల్లింటే ఆ మిషను నడిచిండేది. అందుకే ఆయనకు కోపమొచ్చి మన గడప తొక్కలా' అనింది. ఆ మాట ఇంటేనే నాకు సంగతి తెలిసొచ్చింది. నా కాయ పేరు నిలబెట్టనీకి నీ మిషను పోగొట్టుకుంటివే!"

హనుమంతరాయుడు గారు చేతిలోని పనిముట్టు బల్ల మీద పెట్టారు. "తక్కువ చల్లినా అనుకునిందా?" అని మాత్రం అడిగారు. తర్వాత తనలో తాను అనుకున్నట్లుగా, "ఒక్కసారి వచ్చి, నీళ్లు సరిపోయినాయమ్మా అని చెప్పింటే సరిపోయేది" అన్నారు. యంత్రం పోయిన రోజున చెమ్మగిల్లని కళ్లు ఆనాడు చెమ్మగిల్లాయి.

ఈ సంగతి మన కంపెనీ పత్రిక ఈ నెల సంచికలో రాయమని పట్టుబట్టింది రంగప్ప గారే. "తడికాయ మా ఇంటిదే అని అచ్చు వేయండి. మండీ వాళ్లు చదవనీ" అన్నారు. ఈరప్ప గారూ సరేనన్నారు.

పదవీ విరమణ జ్ఞాపికగా ఏమి కావాలని యాజమాన్యం అడిగితే, గోదాములోని ముత్యం మార్కు యంత్రం ఇమ్మన్నారు హనుమంతరాయుడు గారు. దానిని రంగప్ప గారి ఇంటికి చేర్చాలని నిర్ణయమయింది. విరమణ మర్నాడే ఆయన కూడా అక్కడికి వెళుతున్నారు. ఆ ఇంటి కోడలు అదే సంగటి, అదే పులుసు, అదే ఊరిబిండి వండి ఉంచుతానని కబురు పంపింది.

అయ్యా, పొద్దున రైలుకే బయలుదేరండి. ధర్మవరంలో దిగి ముదిగుబ్బ బస్సు ఎక్కేటప్పుడు తొందరపడకండి, ఒకటి తప్పితే మరొకటి వస్తుంది. ఎండ ముదరక ముందే చేరుకోండి. మీరు ఈ గేటు దాటి వెళ్లిపోతుంటే చూడటానికి మా అందరి మనస్సులు ఒప్పుకోవడం లేదు. అయినా మీరు వెళుతున్నది ఆకలితో లేచి వచ్చిన ఇంటికి గనుక ఆపము. ఆ వాకిట్లో, ఆనాడు కృష్ణమ్మ గారు వేయించిన విస్తరే అనుకుని దాని ముందర కూర్చుని, కారం కారంగా కలుపుకుని, కడుపునిండా తినండి. ఆ తృప్తితో, చక్కని ఆరోగ్యంతో, మీ వారందరి మధ్య నిండు నూరేళ్లు వర్ధిల్లాలని, ఎప్పుడైనా ఈ వైపు వచ్చినప్పుడు తినకుండా మాత్రం వెళ్లవద్దని మా అందరి కోరిక.

— దాసమ్మ
పాకింగు విభాగం, ఒకప్పటి పరీక్షల షెడ్డు
హిందూపురం, మార్చి 1969